పెద్దపాదము జాడలు పట్టబోవు యువకునకు

(బళ్ళారి పఠనమందిరమున జరిగిన వారపు గోష్ఠిలో చేసిన ప్రసంగము)



గడచిన మాసపు గోష్ఠి ముగిసి అందరును లేచి పోవు వేళ మన పఠనమందిరపు మెట్లపై ఒక చిన్న సంగతి జరిగెను. కళాశాలలో జంతుశాస్త్రము చదువుచున్న మన పిల్లవాడొకడు మా దగ్గరకు వచ్చి, "తాతగారూ, అమెరికా అడవుల్లో బిగ్‌ఫుట్ అనే పెద్ద జంతువు ఉందంటారు కదా. దాని ఆనవాళ్ళు పరిశోధించడానికే నా జీవితం పెట్టుకోవాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు?" అని అడిగెను. చుట్టునున్నవారు నవ్విరి. వాని తండ్రిగారు మాత్రము నవ్వలేదు. ఆయన ముఖమున కనబడినది కోపము కాదు, భయము. కుమారుని చదువుకై ఆయన పడిన పాట్లు మనలో చాలమందికి తెలియనివి కావు.

ఆనాడు మేము సమాధానము చెప్పలేదు. చదువదగినవి కొన్ని చదివి, ఆలోచించుకొని, నేడు చెప్పుచున్నాము. ఆ పిల్లవాడును, ఆయన తండ్రిగారును, నవ్వినవారును ఈ సభలోనే ఉన్నారు. ముగ్గురికిని కలిపియే ఈ ప్రసంగము.

మొదట సంగతి యేమో తెలిసికొందము. ఉత్తర అమెరికాకు పడమటి అంచున, కాలిఫోర్నియా ఉత్తరభాగము మొదలుకొని ఆరిగాన్, వాషింగ్టన్ రాష్ట్రముల మీదుగా కెనడాలోని బ్రిటిష్ కొలంబియా వరకు సూదియాకుల చెట్ల అడవులు దట్టముగా వ్యాపించి ఉన్నవి. అచ్చటి ఆదిమజాతులవారి కథలలో అడవిమనుష్యుల ప్రసక్తి పూర్వమునుండియు కలదు. 1920 తరువాతి యేండ్లలో జె. డబ్ల్యు. బర్న్స్ అను ఉపాధ్యాయుడు ఆ కథలను సేకరించి పత్రికలకు వ్రాయుచు, ఆ జాతివారి మాట నొకదానిని ఇంగ్లీషు నోటికి తగినట్లు మార్చి 'సాస్‌క్వాచ్' అని వాడుకలోనికి తెచ్చెను. బిగ్‌ఫుట్, అనగా పెద్దపాదము, అను పేరు దానికంటె తరువాతిది. 1958 ఆగస్టులో కాలిఫోర్నియాలోని బ్లఫ్ క్రీక్ అను వాగు దగ్గర అడవిలో బాట వేయుచుండగా, బుల్డోజరు నడుపు జెర్రీ క్రూ అనునతడు ఒకనాటి ఉదయము తన యంత్రము చుట్టును 16 అంగుళముల పొడవుగల అడుగుజాడలను చూచెను. పిమ్మట ఒక జాడలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి అచ్చు తీసి పట్టణమునకు పట్టుకొని వచ్చెను. అక్టోబరులో హంబోల్ట్ టైమ్స్ పత్రికలో ఆ వార్త వెలువడెను. అంతటితో ఆ పేరు దేశమంతటికిని ప్రాకెను.

ఆ బాట పనిని గుత్తకు తీసికొన్నవాడు రే వాలెస్. ఆయన 2002 నవంబరులో మరణించిన పిమ్మట ఆయన కుటుంబమువారు కొయ్యతో చెక్కిన పెద్ద పాదములను బయటపెట్టి, ఆ జాడలు తమ తండ్రి వేడుకకు వేసినవే యని చెప్పిరి. అన్ని జాడలును ఆ కొయ్యపాదములకు సరిపోలవని వాదించువారు నేటికిని కలరు. వాదింపనిండు. పేరు పుట్టిన చోటనే కొయ్యపాదము దాగి ఉన్నదన్న సంగతిని మాత్రము ఈ మార్గమున అడుగిడువాడు మరువరాదు.

ఇక జీవితము పెట్టుట యన్న మాట. ఈ అన్వేషణకు జీవితములు ఇచ్చినవారు కొందరు నిజముగనే కలరు. స్విట్జర్లాండు నుండి 1953లో కెనడాకు వచ్చిన రెనె డాహిండెన్, ఆగాసిజ్ అను ఊర పత్రిక నడిపిన జాన్ గ్రీన్, హిమాలయములలో యతిని వెదకి పిమ్మట అమెరికాకు పోయిన ఐర్లండు దేశీయుడు పీటర్ బర్న్, వీరెల్లరును దశాబ్దముల తరబడి అడవుల వెంట తిరిగిరి. అందరి కథలు చెప్పుటకు వేళ చాలదు. గ్రోవర్ క్రాంట్జ్ కథ ఒక్కటి చెప్పెదము. ఏలయన ఆయన విశ్వవిద్యాలయపు ఆచార్యుడు. పోగొట్టుకొనుటకు పరువును, పదవియు కలవాడు. మన పిల్లవాడు కోరుకొను మార్గమును నిజముగా నడచి చూచినవాడు.

క్రాంట్జ్ 1931లో సాల్ట్ లేక్ సిటీలో జన్మించెను. 1968లో వాషింగ్టన్ రాష్ట్ర విశ్వవిద్యాలయమున మానవశాస్త్ర బోధకుడుగా చేరి 1998లో విశ్రాంతి పొందెను. మానవుని ఎముకలు ఆయన విద్య. నియాండర్తాల్ మానవులు, రాతి పనిముట్లు, ఐరోపా భాషల వ్యాప్తి మొదలగు పలు విషయములపై ఆయన వ్రాసెను. బిగ్‌ఫుట్ నమ్మకము ఆయనకు మొదటినుండి ఉన్నది కాదు. 1967 అక్టోబరు 20న అదే బ్లఫ్ క్రీక్ దగ్గర రోజర్ ప్యాటర్సన్, బాబ్ గిమ్లిన్ అను ఇరువురు గుర్రములపై తిరుగుచు, నల్లని రోమములుగల ఒక ఆకారము రెండు కాళ్ళపై నడచిపోవుటను చలనచిత్రముగా పట్టితిమని చెప్పిరి. ఆ చిత్రము ఒక నిమిషము పాటిది. దానిలోని బొమ్మలు పత్రికలో చూచినప్పుడు క్రాంట్జ్‌కు అది గొరిల్లా వేషము వేసికొన్న మనిషివలెనే తోచెను.

ఆ చలనచిత్రమును గూర్చి ఒక మాట ఇచ్చటనే చెప్పివేయవలెను. ప్యాటర్సన్ యంత్రము క్షణమునకు ఇన్ని బొమ్మలని పలు వేగములలో నడపుటకు వీలైనది. ఆనాడు మీట ఏ అంకె మీద ఉండెనో ఆయన గమనింపలేదు. 24 బొమ్మల వేగమైనచో ఆ నడక మనిషి నడక. 16, 18 వేగమైనచో మనిషికి కొంత విడ్డూరమైన నడక. అర్ధశతాబ్దికి మించిన వాదములు పుస్తకములకు పుస్తకములుగా ఆ ఒక్క అంకె చుట్టును తిరిగినవి. ప్యాటర్సన్ 1972లోనే మరణించెను. ఒక్క పెన్సిలు గీత గీసి ఉంచినచో ఎంతటి ప్రయాస తప్పియుండెడిది!

క్రాంట్జ్ మనస్సు మారినది 1969 డిసెంబరులో. వాషింగ్టన్ రాష్ట్రమున బాస్‌బర్గ్ అను చిన్న ఊరి వద్ద మంచులో వేయికి మించిన అడుగుజాడలు దొరకెను. లెక్కించినవారు 1,089 అనిరి. విశేషమేమనగా, కుడిపాదము వంకరపాదము. వెలుపలి అంచున రెండు బుడిపెలు ఉండెను. క్రాంట్జ్ ఆ అచ్చులను ముందు పెట్టుకొని, బుడిపెలు ఏ ఎముకల కీళ్ళు జరుగుటవలన కలిగియుండునో ఊహించి, పాదములోని ఎముకల నన్నిటిని గీసి చూచెను. ఆ లెక్క ప్రకారము చీలమండ మనుష్యుని పాదమున కంటె కొంత ముందునకు ఉండవలసి వచ్చెను. ఎందుకు? బరువైన దేహమును మునివ్రేళ్ళపైకి లేపుటకు మడమ వెనుకకు పొడవుగా ఉండవలెను. గునపముతో బండ నెత్తువానికి ఇది చెప్పనక్కరలేదు. బండ బరువెక్కిన కొలది చేతి వైపు పొడవు పెరుగవలసినదే. ఇట్లు లెక్కించి, ఆ జాడలు వేసినది సుమారు 8 అడుగుల ఎత్తు, 800 పౌనుల బరువు గల జీవి యని ఆయన నిశ్చయించెను. ఎముకల శాస్త్రమును, బరువుల శాస్త్రమును ఇంత బాగుగా ఎరిగిన మోసగాడు ఆ కొండ ఊరిలో ఎచ్చటనుండి వచ్చునని ఆయన ప్రశ్న. ఆ కాలపు మేటి వానరశాస్త్రజ్ఞుడు జాన్ నేపియర్ సహితము ఆ వంకరపాదమును చూచి ఆశ్చర్యపడెను.

వాదము మనోహరముగనే ఉన్నది. మేము మొదట చదివినప్పుడు మాకును నమ్మబుద్ధియైనదని ఒప్పుకొందుము. కాని రెండవమారు చదువుచో ఒక బీటు కనబడును. బుడిపెలు వేసినవాడు శాస్త్రము ఎరిగియుండనక్కరలేదు. వాడు ఏదో ఒక వంకర పాదమును చెక్కిన చాలును. దానిలోని శాస్త్రమును చూచినవాడు ఆచార్యుడే. ఎముకలను గీసినదియు ఆయన చేతి పెన్సిలే. మబ్బులో ఏనుగును చూచువాని కన్ను చిత్రకారుని కన్నైనచో ఏనుగు మరింత అందముగా ఉండును. ఆ బాస్‌బర్గ్ జాడలతో సంబంధముగల స్థానికుడొకడు కొంతకాలమునకు ఆ జంతువునకు చలనచిత్రము తీసితినని ప్రకటింపగా, అది కల్పితమని తేలెను. అప్పటికి క్రాంట్జ్ నమ్మకము గట్టిపడి ఉండెను.

దానికి ఆయన చెల్లించిన మూల్యము తక్కువది కాదు. పరిశోధనకు ధనసహాయములు తప్పిపోయినవి. పదోన్నతి ఆలస్యమయ్యెను. తోడి ఆచార్యులు ఆయన వ్రాతలను ఖండించుటకైనను పూనుకొనక ఊరకుండిరి. ఖండనకంటె ఆ మౌనమే ఎక్కువ బాధించియుండును. అయినను ఆయన తుపాకి వెంట నుంచుకొని రాత్రులు అడవిబాటల వెంట తన వాహనముపై తిరుగుచుండెను. ఒక్క దేహము దొరకిన తప్ప శాస్త్రలోకము నమ్మదని ఆయన నిశ్చయము. కావున చంపియైన తేవలెననెడివాడు. అదే రాష్ట్రములోని స్కమేనియా కౌంటీ 1969లోనే అట్టి జీవిని చంపినవానికి 10,000 డాలర్ల వరకు జుల్మానా, 5 సంవత్సరముల వరకు చెర అని శాసనము చేసియుండెను. ఉన్నదో లేదో తెలియని జంతువునకు రక్షణశాసనము! నవ్వదలచినవారు ఇచ్చట నవ్వవచ్చును.

ఆయనలో మేము తప్పుపట్టునది నమ్మకమును కాదు, వేరొక పనిని. నిజమైన జాడను దొంగజాడనుండి వేరుపరచు గురుతులు రెండు తనకు తెలుసుననియు, వెల్లడించినచో మోసగాండ్రు నేర్చుకొందురు గనుక వానిని ఎవ్వరికిని చెప్పననియు ఆయన అనుచుండెడివాడు. చూచుటకు ఇది జాగ్రత్తవలెనే ఉన్నది. కాని పరులు పరీక్షింపలేని పరీక్ష పరీక్షయే కాదు. 1982లో బ్లూ మౌంటెన్స్ అను కొండలలో ఒక అటవీ ఉద్యోగి చూపిన జాడల అచ్చులపై మన వేలిముద్రల వంటి సన్నని చర్మరేఖలు కనబడెను. ఇది కాదనలేని సాక్ష్యమని క్రాంట్జ్ ఉప్పొంగెను. ఆ చోటికి పోయి చూచిన జాడల నిపుణుడు, అటవీశాఖవారి పరిశీలకులు అది కల్పితమనిరి. పొడిమట్టిలో ప్లాస్టర్ పోసినప్పుడు నీరు ఇంకి గట్టిపడు వేళ అచ్చుపై దానంతట అదే సన్నని రేఖలు ఏర్పడునని తరువాత ప్రయోగములు చేసి చూపినవారును కలరు. ఆ ప్రయోగమునకు కావలసినది ఒక పిడికెడు మట్టి, ఒక గిన్నె ప్లాస్టర్. ఆచార్యుని పెరటిలోనే జరుగదగినది.

1985లో ఆయన ఆ జీవికి శాస్త్రీయ నామము పెట్టబూనెను. చైనా దేశపు గుహలలో పండ్లును, నాలుగు దవుడ ఎముకలును మాత్రము దొరకిన జైగాంటోపిథెకస్ అను మహావానరమే ఇదియని ఆయన ఊహ. ఆ వానరము పన్ను మొదట 1935లో హాంగ్‌కాంగ్‌లోని ఒక మందుల అంగడిలో ఫాన్ కోనిగ్స్‌వాల్డ్ అను పండితునకు దొరకెను. అచ్చట దానిని 'నాగదంతము' అని మందునకు నూరి అమ్ముచుండిరి. అది సుమారు రెండు మూడు లక్షల సంవత్సరముల క్రిందటనే అంతరించెనని 2024లో వెలువడిన పరిశోధన చెప్పుచున్నది. అమెరికా ఖండమున దాని ఎముక ముక్క యొక్కటియు దొరకలేదు. దేహము లేనిదే పేరు చెల్లదని శాస్త్రజ్ఞులు క్రాంట్జ్ ప్రయత్నమును త్రోసివైచిరి.

ఇచ్చట మన ప్రాంతపు మాట ఒకటి చెప్పవలసి యున్నది. 'అడుగుజాడ సాక్ష్యము కాదా?' అని పిల్లవాడు అడుగవచ్చును. అగును. కలివికోడి కథయే దానికి తార్కాణము. జెర్డన్ అను దొర సేకరించిన ఆ పక్షిని 1848లో శాస్త్రమునకు పరిచయము చేసిరి. 1900లో అనంతపురము వైపున కనబడిన తరువాత అది మరల ఎవ్వరికిని చిక్కలేదు. అంతరించెననియే తలచిరి. బొంబాయి ప్రకృతిశాస్త్ర సంఘమునకు చెందిన భరత్ భూషణ్ కడప మండలమున స్థానికులను విచారించుచు వెదకుచుండగా, 1986 జనవరిలో రెడ్డిపల్లె ప్రాంతమున ఐతన్న అను పక్షుల వేటగాడు రాత్రివేళ దీపపు వెలుగున దానిని సజీవముగా పట్టెను. పక్షి బ్రతుకలేదు గాని దేహము భద్రపరుపబడెను. పిమ్మట ఆ ముళ్ళపొదల నడుమ మెత్తని మట్టిని పట్టీలుగా పరచి, దానిపై రాత్రి పడిన అడుగుజాడలను కొలిచి, ఇతర పక్షుల జాడలనుండి వేరుపరచి, కలివికోడి ఏ చోటుల తిరుగుచున్నదో పరిశోధకులు గుర్తించిరి. దానికొరకు తెలుగుగంగ కాలువ మార్గమును సైతము మార్చవలసి వచ్చెను. పాదము ఎవరిదో ముందుగా తెలిసినచో జాడ మాటలాడును. పాదమే తెలియనప్పుడు జాడ మనము అడిగిన మాటనే మనకు తిరిగి చెప్పును.

మరల అమెరికాకు పోదము. అచ్చట పరిశోధన మరియొక విధమునను జరిగినది. 1976లో పీటర్ బర్న్ తన దగ్గరనున్న 15 రోమములను చర్మపు తునుకతో సహా పరీక్షింపవలెనని ఎఫ్.బి.ఐ. వారిని కోరెను. వారును పరీక్షించిరి, లేడి జాతి జంతువువని 1977లో తేల్చిరి. ఆ కాగితములు 2019లో వెల్లడియైనవి. కావలసిన సమాధానము రాకపోవచ్చునని తెలిసియు పరులచేతికి నమూనా ఇచ్చుట చూడుడు. దానిని మేము మెచ్చుకొందుము. హిమాలయములందును అట్లే జరిగినది. 1960లో ఎడ్మండ్ హిల్లరీ ఖుంజుంగ్ గ్రామపు మఠమునుండి యతి తలచర్మమని పూజింపబడుచున్న దానిని ఊరివారి అనుమతితో తీసికొనిపోయి పరీక్షింపజేయగా, అది సీరో అను కొండమేక తోలుతో మలచినదని తేలెను. దానిని తిరిగి భద్రముగా ఊరివారికి చేర్చిరి. మన దేశమున మేఘాలయలోని గారో కొండలలో దొరకిన రోమములు 2008లో పరీక్షింపగా గోరల్ అను మేకజాతి జంతువువయ్యెను.

ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయపు బ్రయన్ సైక్స్ పనిని మాత్రము కొంత నిదానముగా చెప్పుదుము. ఆయన బిగ్‌ఫుట్, యతి మొదలగువాని రోమములని ఎవరికి తోచినవి వారు పంపవచ్చునని లోకమునకెల్ల ఆహ్వానము పంపెను. వచ్చినవానిలో తగినవి ఏరి డి.ఎన్.ఏ. పరీక్ష చేసి 2014లో ఫలితము ప్రకటించెను. ముప్పది నమూనాలు పలికినవి. ఎలుగులు, ఆవులు, గుర్రములు, కుక్కలు, ఒకటి మనిషిది. తెలియని వానరము ఒక్కటియు లేదు. హిమాలయములనుండి వచ్చిన రెండు మాత్రము పూర్వకాలపు ధ్రువపు ఎలుగునకు సరిపోయినవని ఆయన వ్రాసెను. అది పొరపాటు. ఆయన తన డి.ఎన్.ఏ. వివరములను అందరికిని అందునట్లు పెట్టియుండుటచేత ఇతరులు వానినే తిరిగి చూచి, అవి హిమాలయపు గోధుమవన్నె ఎలుగువని ఒక్క సంవత్సరములో దిద్దిరి. 2017లో షార్లెట్ లిండ్‌క్విస్ట్ బృందము యతివని చెప్పబడిన తొమ్మిది నమూనాలను చూడగా ఎనిమిది ఎలుగులవి, ఒకటి కుక్కది. ఆ పనిలోనే హిమాలయపు ఎలుగుల వంశవృక్షము ఇంతకుముందు లేనంత స్పష్టముగా తెలియవచ్చెను. సైక్స్ పొరపాటును క్రాంట్జ్ పొరపాటును ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. ఒకటి సంవత్సరమున సరియైనది. రెండవది ఆయన రహస్యపు గురుతులతోనే ఉండిపోయినది.

కావున ఓ అబ్బాయీ, ఎచ్చట మొదలుపెట్టవలెనని నీవడిగిన ప్రశ్నకు మా సమాధానము: ఎలుగుతో మొదలుపెట్టుము. అమెరికాలో నల్ల ఎలుగులు ఎక్కువగా ఉన్నచోట్లనే బిగ్‌ఫుట్‌ను చూచితిమనువారు ఎక్కువని 2024లో ప్రచురితమైన గణన యొకటి చూపినది. ఎలుగు నడచునప్పుడు వెనుకపాదము ముందుపాదపు జాడపై పడి రెండును ఒక్క పొడవైన పాదముగా కనబడుట కలదు. మంచు కరుగుచో జాడ మరింత వెడల్పగును. దీనిని పుస్తకమున చదివిన చాలదు. కన్నుతో చూడవలెను.

మా చిన్ననాట సండూరు కొండల దాపున మా మేనమామగారి చేను ఉండెను. ఒకనాటి ఉదయము వంక ఇసుకలో చెప్పులులేని మనిషి పాదము వంటి జాడలు చూచి మేము పరుగెత్తి ఇంటికి వచ్చి దయ్యమని చెప్పితిమి. మా అమ్మమ్మగారు వెంటనే నమ్మి దిష్టి తీసిరి. ఆ చేను చూచుకొను కన్నడ రైతు మమ్ము చేయిపట్టుకొని తిరిగి వంకకు తీసికొనిపోయి, వంగి, "ఇదు కరడి హెజ్జె" అని, వ్రేళ్ళు ఇంచుమించు ఒకే వరుసన ఉండుటను, వానికి ఎదుట ఇసుకలో గోళ్ళు గ్రుచ్చిన చుక్కలను చూపెను. అంతవరకు ఆ చుక్కలు మా కంటబడనే లేదు. చూచితిమి గాని కనబడలేదు. ఆ రైతు చదువు ఎరుగడు. కాని మేము ఎరిగిన జాడల శాస్త్రమునకు ఆయనయే మొదటి గురువు.

మన బళ్ళారికి దగ్గరనే దరోజీ ఎలుగుల అభయారణ్యము 1994 నుండి కలదు. అమెరికాకు విమానమెక్కకముందు అచ్చటికి బస్సు ఎక్కుము. ఒక నోటుపుస్తకము, కొలతపట్టీ, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ చాలును. పొడిమట్టిలోను, తడిమట్టిలోను, ఇసుకలోను నీ పాదపు జాడనే అచ్చు తీసి, లేని రేఖలు ఎట్లు పుట్టునో చూడుము. కొయ్యపాదము చెక్కి నీ మిత్రులను మోసపుచ్చి చూడుము. మోసము చేయ నేర్చినగాని మోసమును పట్టలేవు. తేదీ, వేళ, వెలుతురు, యంత్రపు మీట అంకె వెంటనే వ్రాసికొనుము. అన్నిటికంటె ముఖ్యముగా, అడవిలో అడుగిడకముందే మొదటి పుటలో ఒక వాక్యము వ్రాయుము: ఏది కనబడినచో నేను తప్పని ఒప్పుకొందును? ఆ వాక్యము వ్రాయలేనివాడు ఎన్నాళ్ళు తిరిగినను పరిశోధకుడు కానేరడు, యాత్రికుడగును. యాత్ర తప్పని మేమనము. దానికి పేరు వేరు.

ఒక హెచ్చరిక. మన ఎలుగు అమెరికా కథలలోని జంతువువలె సిగ్గరి కాదు. తెల్లవారుజామున, సందెవేళ చేల గట్లపై ఎదురైనవారిని గాయపరచుట మన పల్లెలలో తెలియని సంగతి కాదు. ఒంటరిగా పోరాదు.

తండ్రిగారితోను ఒక మాట. అయ్యా, మీ భయము న్యాయమైనది. క్రాంట్జ్‌కు జీతము వచ్చినది పెద్దపాదము వలన కాదు, ఎముకలు బోధించుట వలన. మీవాడు జంతుశాస్త్రము పూర్తిచేసి, ఎలుగులను గూర్చియో, రోమములను డి.ఎన్.ఏ.చే గుర్తించుటను గూర్చియో నేర్చినచో ఆ విద్యకు అటవీశాఖలలోను, పరిశోధనశాలలలోను పని కలదు. బిగ్‌ఫుట్ లేదని తేలినను ఆ విద్య వానిది. ఉన్నదని తేలుటకును ఆ విద్యయే కావలెను. మేము స్వయముగా లేదనియే తలచుచున్నాము. ఇన్ని యేండ్లలో ఒక్క పన్నైనను, ఒక్క ఎముకయైనను దొరకకుండుటకు మాకు వేరు కారణము తోచుట లేదు. కాని మా తలంపు వాని నోటుపుస్తకములో చేరనక్కరలేదు.

క్రాంట్జ్ 2002 ఫిబ్రవరి 14న క్యాన్సరు వ్యాధితో మరణించెను. తనకు ఉత్తరక్రియలు వలదనెను. జీవించినంతకాలము బోధించితిని, పోయిన తరువాతను బోధింతునని తన దేహమును శాస్త్రమునకు ఇచ్చెను; తన కుక్కల ఎముకలను తన దగ్గర ఉంచవలెనన్నదొకటే ఆయన పెట్టిన నియమము. టెన్నెసీ విశ్వవిద్యాలయమున దేహములు శిథిలమగు విధమును పరిశీలించు చోట కొంతకాలముంచి, 2003లో ఎముకలను స్మిత్‌సోనియన్ వారి ప్రకృతి చరిత్ర ప్రదర్శనశాలకు చేర్చిరి. 2009లో అచ్చట ఆయన అస్థిపంజరమును, క్లైడ్ అను ఆయన పెంపుడు వేటకుక్క అస్థిపంజరమును జతగా నిలిపిరి. కుక్క వెనుకకాళ్ళపై లేచి యజమానిని కౌగిలించుకొనుచున్నట్లుండును. ఆ ఎముకలతో విద్యార్థులు పాఠములు నేర్చిరి. బాస్‌బర్గ్ అచ్చులను గూర్చి ఎవరేమి తలచినను, ఆ ఎముకలు ఎవరివో, ఎచ్చటనుండి వచ్చినవో, ఏ కొలతలవో అన్నిటికిని లెక్క యున్నది.

వచ్చు ఆదివారము మేము దరోజీ వైపు పోవుచున్నాము. అభయారణ్యము లోపల నేలపై దిగుటకు అనుమతి కావలెను గనుక వెలుపలి చేల గట్లమీదనే, ఎండ ఎక్కిన తరువాత, ఆ ఊరి రైతు నొకనిని తోడు తీసికొని చూతము. పిల్లవాడు రాదలచినచో ఉదయము ఏడు గంటలకు బస్సు నిలయము దగ్గరకు రావలెను. తండ్రిగారును వచ్చిన మరీ సంతోషము. నవ్వినవారికిని బస్సులో చోటున్నది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ రెండు సేర్లు మేము తెచ్చెదము; కలుపుటకు పాత గిన్నె ఎవరైన తెచ్చిన చాలును.